మెరె పౌనము: మావోరీల పచ్చరాతి ఆయుధం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజిలాండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు, పిల్లల దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చిన తల్లిదండ్రులు అక్కడి మ్యూజియంలలో పచ్చగా, నున్నగా మెరిసే ఒక రాతి ఆయుధాన్ని చూసే ఉంటారు. పక్కనుండే చీటీ మీద రాయి పేరు, కొలత, దొరికిన చోటు రాసి ఉంటాయి. అక్కడితో ఆగిపోతే చూడవలసింది చాలా మిగిలిపోతుంది. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల దృష్టిలో అది వస్తువు కాదు, వంశంలో ఒక పెద్ద. ఆ సంగతి తెలిసి చూస్తే చూపే మారుతుంది. అందుకే ఈ ప్రశ్నలూ జవాబులూ.

మెరె పౌనము అంటే ఏమిటి?

మెరె అంటే ఒక చేత్తో పట్టుకుని పోరాడే పొట్టి ఆయుధం. పౌనము అంటే అది తయారైన పచ్చరాయి. సాధారణంగా 25 నుంచి 50 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పిడి సన్నగా మొదలై, కిందికి పోయేకొద్దీ వెడల్పై, గుండ్రటి వాదరతో ముగుస్తుంది. పిడి దగ్గర ఒక బెజ్జం, అందులోంచి కుక్క తోలుతోనో నారతోనో చేసిన తాడు. పోరాటంలో ఆయుధం చేజారకుండా ఆ తాడును చేతికి చుట్టుకునేవారు. మిగతా వేళల్లో మెరె నడికట్టులో ఉండేది.

ఇది తెగలో అందరి దగ్గరా ఉండే ఆయుధం కాదు. నాయకుల చేతుల్లో, నాయకుల వంశాల్లో ఉండేది.

ఇది మరకతమా?

కాదు. మరకతం వేరే జాతి రత్నం. పౌనములో ఎక్కువ భాగం నెఫ్రైట్ అనే జేడ్ రాయి. జేడ్ పేరుతో అమ్మే రాళ్లలో జేడైట్ అని మరొకటి ఉంది, దాని రసాయన కూర్పు పూర్తిగా వేరు. నెఫ్రైట్‌లో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కలిసి ఉంటాయి. పచ్చదనం ఆ ఇనుము వల్లే వస్తుంది.

దాని అసలు గుణం రంగులో కాదు, గట్టిదనంలో ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే నెఫ్రైట్ నిండా సన్నని పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, గట్టిగా పేనిన కొబ్బరిపీచు తాడులా కనిపిస్తాయి. అందుకే దెబ్బ తగిలితే పలకలుగా ఊడిపోదు, సులభంగా పగలదు. మామూలు ఉక్కు చాకుతో గీసినా గీత పడదు. పలచని వాదర ఉన్న ఆయుధానికి ఇంతకన్నా తగిన రాయి మరొకటి దొరకదు.

పౌనములో రకాలున్నాయా?

ఉన్నాయి, వాటి పేర్లు చాలావరకు చుట్టూ ఉన్న ప్రకృతిలోంచి వచ్చినవే. ముదురాకుపచ్చ రకం కవకవ, అది అదే పేరున్న చెట్టు ఆకుల రంగు. ముత్యంలా తెల్లబారిన లేత రకం ఈనంగ, అది ఒక చిన్న మంచినీటి చేప పేరు. వెలుతురు చొరబడే స్వచ్ఛమైన పచ్చ రకం కహురంగి, ఇది అరుదు. మిల్‌ఫర్డ్ సౌండ్ ప్రాంతంలో దొరికే టంగివాయి అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. శాస్త్రం ప్రకారం అది నెఫ్రైట్ కాదు, బోవనైట్ అనే మెత్తటి రాయి. మావోరీలు మాత్రం దాన్నీ పౌనము కిందే లెక్కిస్తారు. మెత్తదనం వల్ల అది నగలకే పనికొస్తుంది, పోరాటానికి కాదు.

ఇది ఎక్కడ దొరుకుతుంది?

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో మాత్రమే. ఆ దీవికి మావోరీ భాషలో పేరే టె వాయి పౌనము. ఎక్కువగా పడమటి తీరంలో, హోకిటికా పట్టణానికి దగ్గరలోని అరాహురా, టరామకౌ నదుల్లో దొరుకుతుంది. కొండల లోపల రెండు రకాల శిలలు ఒత్తిడికి, వేడికి లోనై కలిసే చోట పౌనము ఏర్పడుతుంది. హిమానీనదాలూ వరదలూ దాన్ని గుండ్లుగా విడగొట్టి నదుల్లోకి దొర్లిస్తాయి. నీళ్లలో పడి ఉన్న గుండు పచ్చగా కనిపిస్తుందనుకోకండి. పైన గోధుమరంగు పెచ్చు కట్టి ఉంటుంది. పక్కనున్న మామూలు రాళ్ల నుంచి దాన్ని వేరుగా గుర్తుపట్టడం తరాల అనుభవం మీద వచ్చే విద్య.

పౌనము పుట్టుక గురించి మావోరీలు ఏం చెబుతారు?

ఈ కథ తప్పకుండా తెలుసుకోవాలి. ఉత్తర దీవి తీరానికి దూరంగా టూహువా అనే చిన్న దీవి ఉంది. అక్కడ టమాఆహువా భార్య వైటైకి స్నానం చేస్తుండగా, నీళ్లలో తిరిగే పౌటిని అనే మహాప్రాణి ఆమెను చూసి మోహించి ఎత్తుకుపోయింది. భర్త వెంటపడ్డాడు. చలికి వణుకుతున్న వైటైకిని కాపాడుకోవడానికి పౌటిని దారిలో ఒక్కోచోట ఆగి మంట వేసింది. టమాఆహువా ఆ చోటికి చేరి బూడిద మీద చెయ్యి పెట్టి చూసేవాడు. చల్లబడి ఉండేది. మళ్లీ బయలుదేరేవాడు.

మంటలు వేసిన చోట్లు ఊహలో పుట్టినవి కావు. టహంగా, వంగమటా, రంగిటోటో దీవి, పాహువా, టకివాయి, ఇలా పటంలో వేలు పెట్టి చూపగలిగిన ఊళ్లూ తీరాలూ. మరో విశేషం, ఆ చోట్లన్నీ పనిముట్లకో నగలకో పనికొచ్చే రాళ్లు దొరికే చోట్లు. ఒకచోట బాడిసలకు పనికొచ్చే నల్లరాయి, ఒకచోట గాజులాంటి అగ్నిపర్వత శిల, చివరగా మిల్‌ఫర్డ్ వైపు టంగివాయి. ఒక జాతి తన దేశంలోని రాళ్ల జాబితాను పిల్లలకు ఇలా కథగా అందించింది. లిపి లేని కాలంలో ఇంతటి భూగర్భ జ్ఞానాన్ని ఒక విషాదగాథలో దాచిపెట్టిన తీరుకు నేను ప్రతిసారీ ముగ్ధుణ్ణవుతాను.

చివరికి అరాహురా నదిలో పౌటినికి తప్పించుకునే దారి లేకపోయింది. వైటైకిని భర్తకు అప్పగించడం ఇష్టంలేక ఆమెను పౌనముగా మార్చి నదీగర్భంలో ఉంచి, తాను సముద్రంలోకి జారుకుంది. అక్కడికి చేరిన టమాఆహువా శోకం కొండల్లో మారుమోగింది. పౌటిని ఇప్పటికీ ఆ తీరం వెంట తిరుగుతూ పౌనముకు కాపలా కాస్తుందని నమ్మకం. పడమటి తీరానికి టె టాయి ఓ పౌటిని అనే పేరు అందుకే వచ్చింది.

ఇనుము లేకుండా ఇంత గట్టి రాయిని ఎలా మలిచారు?

ఉలితో చెక్కలేదు, చెక్కడం సాధ్యమూ కాదు. అరగదీశారు. ఇసుకరాతి పలకను రంపంలా పట్టుకుని, ఇసుకా నీళ్లూ పోస్తూ ముందుకీ వెనక్కీ లాగితే నెమ్మదిగా గాడి పడుతుంది. ఇసుకలోని స్ఫటికం నెఫ్రైట్ కన్నా కొంచెం గట్టిది, ఈ పనికి ఆధారం ఆ కొంచెమే. రాయికి రెండు వైపులా గాడి తీసి, మధ్యలో సన్నని గట్టు మిగిలాక ఒక్క దెబ్బతో విరగ్గొట్టేవారు. తర్వాత సానరాళ్ల మీద రోజుల తరబడి నూరి ఆకారం తెచ్చేవారు. పని మొత్తానికి నెలలు పట్టేది. పెద్ద ముక్కయితే తండ్రి మొదలుపెట్టింది కొడుకు పూర్తిచేసిన సందర్భాలూ ఉన్నాయి.

బెజ్జం వేయడానికి బరమా వాడేవారు. కర్ర కొనకు పదునైన రాయి కట్టి, బరువు కోసం రాళ్లు జతచేసి, చుట్టిన తాళ్లను అటొకసారి ఇటొకసారి లాగుతూ తిప్పేవారు. ఒకవైపు నుంచి సగం, రెండోవైపు నుంచి సగం తొలిచేవారు. కాబట్టి పాత మెరె బెజ్జం రెండు వైపులా వెడల్పుగా, నడుమ ఇరుకుగా ఉంటుంది. ఈసారి మ్యూజియంకి వెళితే అద్దానికి దగ్గరగా నిలబడి ఆ బెజ్జాన్నే చూడండి. లోపలి గోడ మీద బరమా తిరిగిన సన్నని వలయాలు కొన్నింటిలో ఇంకా కనిపిస్తాయి. వాదర మెరుపు కన్నా ఆ వలయాలే పనివాడిని మనకు దగ్గర చేస్తాయి.

మెరె మీద శిల్పం లేదేం? మావోరీ చెక్కడాలు అంత ప్రసిద్ధి కదా?

నిజమే, సభాభవనాల దూలాలు, పడవల ముందు భాగాలు సుడులతో నిండిపోయి ఉంటాయి. మెరె మీద మాత్రం పిడి చివర నాలుగైదు గాళ్లు తప్ప మరేమీ ఉండదు. అది లోపం కాదు. రాయి లోపలి మబ్బులూ చారలూ వెలుతురులో కదిలేలా మందం తగ్గించడం, రెండు వైపులా ఒకే వంపు తేవడం, చేతికి ఎక్కడా గరుకు తగలకుండా నునుపు చేయడం, ఇదే అక్కడి శిల్పం. అలంకారం చాలనిపించి ఆగిన చేతిని గౌరవించాలి.

చెక్కడం బాగా ఉన్న పచ్చరాతి ఆయుధం కావాలంటే టోకి పౌటంగటను చూడాలి. అది బాడిస. అలుగు పౌనము, పిడి నిండా చెక్కిన కొయ్య, దానికి కుక్క వెంట్రుకల కుచ్చులూ కాకా అనే చిలుక జాతి పక్షి ఈకలూ కడతారు. రోజువారీ చెక్కపనికి కాదు. నాయకుడు మాట్లాడేటప్పుడు చేతిలో ఉండేది, పెద్ద పడవకు తొలి వేటు పడేది దానితోనే.

పటు, మెరె ఒకటేనా?

పటు అనేది ఈ పొట్టి చేతి ఆయుధాలన్నింటికీ ఉమ్మడి పేరు. నల్లరాతితో చేసింది పటు ఒనెవా, తిమింగలం ఎముకతో చేసింది పటు పరావోవా. రెండు పక్కలా నొక్కు ఉన్నది కోటియాటె, ఒకవైపు వంపు తిరిగి వెనక అంచు మీద చిన్న మనిషి బొమ్మ ఉండేది వహాయికా. పచ్చరాతి మెరె వీటన్నిటికీ పెద్ద.

దీనితో ఎలా పోరాడేవారు?

గదలా పైకెత్తి కొట్టడమని చాలామంది అనుకుంటారు. ప్రధానమైన దెబ్బ అది కాదు. మెరెకు పని చేసేది ముందుండే గుండ్రటి వాదర. శత్రువు పొడవాటి కర్రాయుధం తిప్పుతుంటే, ఆ దెబ్బ తప్పించుకుని లోపలికి చొరబడి, కణతకో దవడకో పక్కటెముకలకో గురిపెట్టి వాదరతో సూటిగా పొడిచేవారు. తగిలిన క్షణంలో మణికట్టు తిప్పితే ఎముక విచ్చుకునేది. పిడి చివరతోనూ దెబ్బ వేసేవారు. ఆయుధం పొట్టి కాబట్టి శత్రువు ఊపిరి తగిలేంత దగ్గరికి వెళ్లక తప్పదు. అందుకు కావలసింది బలం కన్నా పాదాల వేగం, తెగువ.

ఆయుధానికి మనిషిలా పేరు పెట్టడం ఎందుకు?

ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. మావోరీ ఆలోచనలో మనా అంటే ఒక వ్యక్తికున్న అధికారం, ప్రతిష్ఠ, పూర్వీకుల నుంచి దిగివచ్చిన శక్తి, అన్నీ కలిసినది. గొప్పవాడు చేతపట్టిన మెరెలోకి అతని మనా చేరుతుంది. అతని తర్వాత వారసుడు పట్టుకుంటే అతనిదీ తోడవుతుంది. ఇలా తరాలు గడిచేకొద్దీ వస్తువు పాతబడి విలువ తగ్గడం కాదు, పెరుగుతుంది. పేరు, వంశక్రమం, పాల్గొన్న యుద్ధాలు, చేతులు మారిన సందర్భాలు, అన్నీ నోటితో చెప్పగలిగినవే. వీటిని టాఓంగా అంటారు, అంటే పూర్వీకుల నుంచి వచ్చిన అమూల్యమైన సొత్తు.

ఉత్తర దీవి నడిమధ్యన టౌపో సరస్సు దగ్గర న్గాటి టూఫారెటోవా తెగ ఉంది. ఆ తెగ నాయకులైన టె హ్యూహ్యూ వంశానికి పహికౌరె అనే ప్రఖ్యాత మెరె ఉంది. 1846లో టె రాపా అనే వారి గ్రామం మీద కొండచరియ విరిగిపడి, నాయకుడు మనానుయి టె హ్యూహ్యూతో పాటు 50 మందికి పైగా మట్టి కింద సమాధి అయ్యారు. పహికౌరె ఆ మట్టిలోంచి మళ్లీ వంశం చేతికి వచ్చింది. ఆ శోకంలోనూ వాళ్లు ఒక రాతిముక్క కోసం ఎందుకు వెతికారని ఎవరైనా అడిగితే, వాళ్లు వెతికింది రాతిముక్క కోసం కాదని చెప్పాలి.

ఓడిన నాయకుడు తన మెరెతోనే తనను చంపమని అడిగేవాడంటారు, నిజమేనా?

అవును, మౌఖిక చరిత్రల్లో అలాంటి సంఘటనలు ఉన్నాయి. సామాన్యమైన ఆయుధంతో చావడం అతని వంశానికే అవమానం. పట్టుబడిన నాయకుడు తన మెరెను శత్రువుకు అందించి, దానితోనే తనను ముగించమని కోరేవాడు. శత్రువు ఒప్పుకుంటే అది అతని స్థాయిని గుర్తించినట్టు. ఆ మెరె చరిత్రలో ఈ మరణమూ చేరిపోయేది.

శాంతి ఒప్పందాల్లో మెరెకు పాత్ర ఉందా?

చాలా ఉంది. యుద్ధం చాలించిన రెండు తెగల మధ్య పేరున్న మెరె చేతులు మారితే, ఆ మాటకు అంత బరువు వచ్చినట్టు. పెద్ద పెళ్లిళ్లలోనూ, మరణించిన నాయకుడి అంత్యక్రియల్లోనూ ఇలాంటివి ఇచ్చిపుచ్చుకునేవారు. ఇచ్చినవారితో బంధం తెగదు. కొన్ని తరాల తర్వాత, సమయం వచ్చినప్పుడు, అది తిరిగి మొదటి వంశానికి చేరడమూ ఆచారమే. శాశ్వత శాంతికి టటౌ పౌనము, అంటే పచ్చరాతి తలుపు, అని పేరు.

పౌనము ఉత్తర దీవికి ఎలా చేరేది?

మనుషుల వీపుల మీద. పడమటి తీరానికీ తూర్పు మైదానాలకూ మధ్య మంచు కప్పిన సదర్న్ ఆల్ప్స్ కొండలున్నాయి. అటునుంచి ఇటు తొలిసారి దారి చూపింది రౌరెకా అనే స్త్రీ అని చెప్పుకుంటారు. ఆమె కొండలు దాటి వచ్చి, తూర్పువైపు పడవ చెక్కుతున్న న్గాయి టహు తెగ మనుషుల మొద్దుబారిన బాడిసలు చూసి, తన దగ్గర చుట్టిపెట్టుకున్న చిన్న పౌనము బాడిసను తీసి ఇచ్చింది. దాని పదును చూసినవాళ్లు ఆ రాయి ఎక్కడిదో తెలుసుకోవడానికి కొండలు ఎక్కారు. ఆ కనుమకు ఇప్పటికీ ఆమె పేరే ఉంది. నార అల్లిన చెప్పులు రాళ్ల మీద తొందరగా అరిగిపోయేవి, దారిపొడవునా కొత్తవి అల్లుకుంటూ నడిచేవారు. క్రైస్ట్‌చర్చ్‌కు ఉత్తరాన ఉన్న కయాపోయి కోట ఈ వ్యాపారానికి కేంద్రం. ఉత్తరాది నాయకుడు టె రౌపరహా 1831లో ఆ కోటను ముట్టడించి నాశనం చేశాడు.

యూరోపియన్లు వచ్చాక ఏమైంది?

కెప్టెన్ కుక్ 1769లో వచ్చాడు. ఆయనతో వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఈ ఆయుధాలకు ఎంత ఆకర్షితుడయ్యాడంటే, తిరిగి వెళ్లాక 1772లో లండన్‌లో రాతి పటు నమూనాతో 40 ఇత్తడి పటులు పోత పోయించి, వాటి మీద తన పేరూ చిహ్నమూ చెక్కించాడు. తర్వాతి ప్రయాణంలో బహుమతులుగా పంచాలని ఆయన ఆలోచన. ఆయన వెళ్లలేదు గానీ, కొన్ని ఇత్తడి పటులు మాత్రం ఆ తర్వాతి ఓడల్లో పసిఫిక్‌కు చేరాయి.

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో తుపాకులు రావడంతో యుద్ధరంగంలో మెరె పని తగ్గింది. అధికార చిహ్నంగా మాత్రం తగ్గలేదు. ఇక శతాబ్దం చివరికి గిరాకీ పెరిగి, జర్మనీలోని ఇడార్-ఒబర్‌స్టైన్ అనే రత్నాల పట్టణంలో యంత్రాల మీద పౌనము నగలూ మెరెలూ చేసి అమ్మారు. పాత వేలంపాటల్లో మావోరీ పేరుతో తిరిగే వాటిలో ఇవీ ఉన్నాయి.

ఇప్పుడు పౌనము ఎవరిది?

దక్షిణ దీవి మావోరీ తెగ న్గాయి టహుది. ఇది తేలిగ్గా రాలేదు. 1860లో ప్రభుత్వం తరఫున జేమ్స్ మెకే పడమటి తీరం మొత్తాన్ని, సుమారు 75 లక్షల ఎకరాలను, 300 పౌండ్లకు కొన్నాడు. అరాహురా నదిని మాత్రం వదులుకునేది లేదని అక్కడి పెద్దలు పట్టుబట్టారు, ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. అయినా దశాబ్దాల పాటు రాయి వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. అరాహురా నదీగర్భం 1976లో మావోరీ యజమానుల సంస్థకు తిరిగి వచ్చింది. మావోరీల ఫిర్యాదులను విచారించే వైటంగి ట్రిబ్యునల్ 1991 నివేదికలో పౌనమును తెగకు తిరిగి ఇవ్వాలని చెప్పింది. 1997లో పార్లమెంటు చట్టం చేసి, న్గాయి టహు ప్రాంతంలో సహజస్థితిలో ఉన్న పౌనము మొత్తాన్ని వారికి అప్పగించింది. 137 ఏళ్లు పట్టిన న్యాయం ఇది. ఆలస్యం ఎంత బాధాకరమో, చివరికి జరగడం అంత సంతోషం.

నదిలోనో తీరంలోనో నాకు దొరికితే తెచ్చుకోవచ్చా?

పడమటి తీరంలోని సముద్రపు ఒడ్డున దొరికిన చిన్న రాళ్లను, యంత్రాలు లేకుండా, ఒక మనిషి మోయగలిగినంత తీసుకోవడానికి న్గాయి టహు అనుమతిస్తుంది. నదులకు, ముఖ్యంగా అరాహురాకు, ఇది వర్తించదు. వెళ్లేముందు స్థానిక నిబంధనలు చదువుకోండి.

కొనాలంటే అసలైనదని ఎలా తెలుస్తుంది?

పర్యాటకుల దుకాణాల్లో పచ్చగా కనిపించేవన్నీ పౌనము కావు. చైనా, సైబీరియా, కెనడాల నుంచి వచ్చిన నెఫ్రైట్‌ను మావోరీ ఆకారాల్లో చెక్కి అమ్ముతారు. అది కూడా నిజమైన జేడే, కానీ పౌనము కాదు. న్గాయి టహు ధ్రువీకరించిన వస్తువుకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని ద్వారా రాయి ఏ చోటిదో, చెక్కిందెవరో తెలుసుకోవచ్చు. ఆ సంఖ్య లేకపోతే రాయి ఎక్కడిదని దుకాణదారును సూటిగా అడగండి. నిజాయితీపరుడు సూటిగానే చెబుతాడు.

పౌనము ఎవరికి వారు కొనుక్కోకూడదని, బహుమతిగానే రావాలని అంటారు. బహుమతిగా రావడం అందమైన సంప్రదాయమే, కానీ సొంతానికి కొనడం తప్పేమీ కాదని చెక్కేవాళ్లే అంటారు.

మ్యూజియంలో ఏమైనా పద్ధతులు పాటించాలా?

మావోరీ గదుల్లో తినడం, తాగడం పూర్తిగా మానండి. టపు అంటే పవిత్రత వల్ల ఏర్పడిన నిషేధం. వండిన ఆహారం దాన్ని భంగపరుస్తుందని వారి నమ్మకం. ఫొటోలు తీయవద్దని రాసి ఉన్నచోట తీయకండి. 1984లో టె మావోరీ ప్రదర్శన న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో మొదలైనప్పుడు, పెద్దలు తెల్లవారుజామున మంత్రాలు చదువుతూ ముందు నడిచి, ఆ టాఓంగాలను పలకరించాకే తలుపులు తెరిచారు. చూడటానికి వెల్లింగ్టన్‌లోని టె పాపా, ఆక్లాండ్ మ్యూజియం, డునెడిన్‌లోని ఒటాగో మ్యూజియం మంచివి.

హైదరాబాద్‌లో ఇలాంటి రాయిని చూడవచ్చా?

మెరెను కాదు గానీ, జేడ్‌ను చూడవచ్చు. సాలార్ జంగ్ మ్యూజియంలోని జేడ్ గదిలో జహంగీర్ చురకత్తి, నూర్జహాన్ పండ్ల కత్తి ఉన్నాయి. మొగలులు జేడ్‌లో బంగారం పొదిగి, రత్నాలు తాపడం చేశారు. మావోరీలు రాయికి రాయినే అలంకారంగా ఉంచారు. రెండూ చూసినవారికి ఒకే రకం రాయి ఎంత దూరమైన రెండు ఆలోచనలను మోయగలదో తెలుస్తుంది.

పాత మెరెను ఇండియాకు తేవచ్చా?

50 ఏళ్లు దాటిన మావోరీ సాంస్కృతిక వస్తువులకు న్యూజిలాండ్ రక్షిత వస్తువుల చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. తవ్వకాల్లోనో పొలంలోనో కొత్తగా బయటపడితే అధికారులకు తెలియజేయాలి, ఎవరికి చెందాలో మావోరీ భూమి న్యాయస్థానం తేల్చగలదు. కొత్తగా చేసిన మెరెకు ఈ ఇబ్బంది లేదు. అయితే విమానంలో చేతిసంచిలో పెట్టకండి, ఆయుధంగా పరిగణించి ఆపేస్తారు. మెత్తటి గుడ్డ చుట్టి పెద్ద పెట్టెలో పెట్టుకోండి, ధ్రువీకరణ కాగితం మీ దగ్గర ఉంచుకోండి.